ఏడో నంబరు దీవి మీద ఇద్దరల్లుళ్ళు

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి, యూనిఫారాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో బెల్లు మోగగానే అరవై కుట్టుమిషన్లూ ఒక్కసారిగా ఆగిపోతాయి. చెవుల్లోంచి ఎవరో దూది తీసేసినట్టుంటుంది. కుట్టేవాళ్ళంతా సంచులు తగిలించుకుని ఇళ్ళకి పరుగెడతారు. మిషన్లు బాగుచేసే మెకానిక్ మాత్రం స్టూలు మీద కూలబడి, చేతులకంటిన నూనె గుడ్డకి తుడుచుకుంటూ గోడ గడియారం వంక చూస్తాడు. అందరికీ సెలవు మొదలయ్యే వేళకి అతనికి రెండో డ్యూటీ మొదలవుతుంది.

ఆ రెండో డ్యూటీ పేరు తోడల్లుడు.

వాళ్ళ మామగారింటికి ఇద్దరే అల్లుళ్ళు. అత్తామామలు పోయి చాలాకాలమైనా పిలుపులు మాత్రం అలాగే ఉండిపోయాయి. అక్క మొగుడు పెద్దల్లుడు, చెల్లెలి మొగుడు చిన్నల్లుడు. మన మెకానిక్కే చిన్నల్లుడు. యాభై రెండేళ్ళు నిండినా, నెత్తిన సగం జుట్టు ఊడినా చిన్నల్లుడే. పెద్దల్లుడు భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైన ఏడాదే ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. మొగుడూ పెళ్ళాం శనివారం వస్తే చాలు, దాన్నేసుకుని దీవుల మీదకి పోయేవాళ్ళు.

దీవులంటే గొప్పగా ఊహించుకోకండి. ఒడ్డుకి బాగా దూరంగా, సముద్రం మధ్యలో పదకొండున్నాయి. మనిషన్నవాడు ఉండడు, మంచినీళ్ళ చుక్క ఉండదు. రాళ్ళు, ముళ్ళపొదలు, పక్షులు, ఆ పక్షుల రెట్టలు. వాటికి జనం పెట్టుకున్న పేర్లేవో ఉన్నాయి గానీ పెద్దల్లుడికి అవి నచ్చలేదు. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు వేసి పుస్తకంలో రాసుకున్నాడు. భూమి కనిపిస్తే నంబరు వెయ్యకుండా ఉండలేని చెయ్యి అది.

రెండున్నరేళ్ళ కిందట పెద్దల్లుడి భార్య, ఇతని వరసకి వదిన, పోయింది. జబ్బు తెలిసిన నాలుగు నెలలకే. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక శనివారం మధ్యాహ్నం చిన్నల్లుడి భార్య ఫోను పట్టుకుని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏవండీ, బావగారు ఒక్కరే పడవ దగ్గరికి వెళ్ళారట. ఇప్పుడే పక్కింటావిడ చెప్పింది. పెళ్ళాం పోయిన మనిషి, సముద్రం మీద ఒక్కడూ... నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. మీరు కూడా వెళ్ళండి, మీకు పుణ్యముంటుంది."

ఒక్క వారమే కదా అని వెళ్ళాడు. ఆ ఒక్క వారానికి రెండేళ్ళు నిండాయి. తుఫాను హెచ్చరికలున్న వారాలు తీసేస్తే ఎనభై సార్లు వెళ్ళుంటాడు. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే అతనికి పండగలా ఉండేది. పైకి మాత్రం "అయ్యో" అనేవాడు.

శనివారం మధ్యాహ్నం బయల్దేరడం, చీకటిపడేలోగా ఏదో ఒక దీవి పక్కన లంగరేసి పడవలోనే పడుకోవడం, ఆదివారం ఇంకో దీవి చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరడం. పడుకోవడం అన్నది మాట వరసకే. పెద్దల్లుడు పడుకుంటాడు. అంత చిన్న గదిలో, మూరెడు దూరంలో, ఆయన గురక రంపం కోసినట్టుంటుంది. కింద నీళ్ళు చెక్కని తపతప కొడుతుంటాయి. చిన్నల్లుడు తెల్లవార్లూ కప్పు వంక చూస్తూ పడుకుంటాడు. సోమవారం పొద్దున మళ్ళీ అరవై మిషన్లు.

మొన్న మంగళవారం అనుకున్నంతా అయ్యింది. కిటికీ పక్క మిషను బాగుచేసి, సూది సరిగా దిగుతోందో లేదో చూద్దామని గుడ్డ పెట్టి పెడలు మీద కాలేశాడు. అంతే, కునుకు పట్టింది. సూది బొటనవేలి గోట్లోంచి దిగింది. సూపర్‌వైజరు వచ్చి కట్టు వంక, మొహం వంక మార్చి మార్చి చూశాడు. "ఇవాళ వేలు. రేపు చెయ్యి. నిద్రపోవాలనుకుంటే ఇంట్లో పడుకోవయ్యా, ఇక్కడికి రాకు. ఇంకోసారి చెప్పను," అన్నాడు.

ఆ సాయంత్రం భార్య కట్టు మారుస్తుంటే చిన్నల్లుడు అన్నాడు: "ఈ వారం చెప్పేస్తాను."

"ఏమని?"

"ఇక నేను రానని. నాకొక్క ఆదివారం నిద్ర కావాలని."

"చెప్పండి. నేను వద్దన్నానా? కాకపోతే మీరు రానంటే ఆయన మానేస్తారా ఏమిటి, ఒక్కరే వెళ్తారు. ఏదన్నా జరిగితే..." ముడి కాస్త గట్టిగా బిగించింది. "అక్క వెళ్తూ వెళ్తూ వదిలిపెట్టి వెళ్ళింది ఆయనొక్కణ్ణే."

"అంటే చెప్పొద్దనేగా."

"చెప్పమనే అంటున్నాను."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఇలాంటి "చెప్పమనే"లు చాలా విన్నాడతను.  కానీ మనసులో మాత్రం గట్టిగా అనుకున్నాడు. చెప్పకపోతే ఉద్యోగమో వేలో పోతుంది. చెప్తే ఆ మనిషి ఒక్కడూ సముద్రం మీద పోతాడు. ఏదైతే అదవుతుంది, ఈ వారం చెప్పాల్సిందే.

*

"మూడు నిమిషాలు లేటు తమ్ముడూ," అన్నాడు పెద్దల్లుడు, రేవు మెట్ల మీద నిలబడి. తల మీద టోపీ, చంకలో పుస్తకం, మెడలో పెన్సిలు. "వేలికేమైంది?"

"సూది."

"సముద్రపు గాలి తగిలితే అదే మానుతుంది. ఎక్కు. ఈ వారం మనది ఏడో నంబరు."

చిన్నల్లుడు టీ ఫ్లాస్కు, బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు ఉన్న సంచి లోపల పడేసి పడవెక్కాడు. ఆయన పుస్తకం తెరిచి చదువుతుంటాడు, ఇతను తాళ్ళు లాగుతుంటాడు. "ఇప్పుడు తెరచాప పైకెత్తాలి." ఎత్తాడు. "ఇప్పుడు చుక్కాని ఎడమకి." తిప్పాడు. ఇంత సముద్రప్రేమ ఉన్న మనిషి ప్రతిదీ పుస్తకంలో చూసి ఎందుకు చెప్తాడో చిన్నల్లుడికి ఎప్పుడూ అనుమానం రాలేదు. సర్వేయర్లంటే అంతేనేమో అనుకున్నాడు. ఒడ్డు దాటాక పెద్దల్లుడు పడవ వెనక అంచు మీదకి వంగి, ఎంతోసేపు నీళ్ళలోకి చూస్తూ ఉండిపోయేవాడు. చేపల్ని చూస్తున్నాడు కాబోలు, పెళ్ళాన్ని తలుచుకుంటున్నాడు కాబోలు అని ఇతను కదిలించేవాడు కాదు.

చెప్పాలని దారిలో మూడుసార్లు నోరు తెరిచాడు. "అన్నయ్యా, వచ్చే వారం నుంచీ..." అన్నాడు మొదటిసారి. "వచ్చే వారం ఎనిమిదో నంబరు, రాసేశాను," అన్నాడాయన. రెండోసారి "అన్నయ్యా, నా ఒంట్లో..." అనేలోగా గాలి మారి తెరచాప ఫటేలుమంది. మూడోసారి ఆయన వెనక అంచు మీద వంగి ఉన్నాడు. ఆ వీపు చూసి మళ్ళీ తాళ్ళు సర్దుకోవడంలో పడ్డాడు.

ఆ రాత్రి మామూలే. గురక, తపతప, కప్పు.

ఆదివారం తొమ్మిదింటికి ఏడో నంబరు చేరారు. రెండు రాళ్ళగుట్టల మధ్య పడవ పట్టేంత సందొకటి ఉంది. పోటు మీద ఉన్నప్పుడే అందులోకి వెళ్ళగలం, ఆటుకి నీళ్ళు తగ్గకముందే బయటపడాలి. లేకపోతే అడుగున బురదే. లంగరేసి, నడుముల్లోతు నీళ్ళలో ఒడ్డెక్కారు. పైనంతా తెల్ల పక్షులు, ఏదో పెళ్ళివారి బస్సు వచ్చినట్టు ఒకటే గోల.

"గంటన్నర టైముంది," అని పెద్దల్లుడు నీడపట్టున ఒక రాయికి చేరగిలపడ్డాడు. చిన్నల్లుడు కాస్త దూరంలో ఇంకో రాయికి ఆనుకుని, నాలుగోసారి మాట కూడదీసుకోవడం మొదలుపెట్టాడు. అన్నయ్యా, మీరేమీ అనుకోనంటే. అన్నయ్యా, తప్పుగా అనుకోకండి. అన్నయ్యా...

ఎండ వెచ్చగా ఉంది. రాయి వీపుకి సరిగ్గా సరిపోయింది. చాలా నెలల తర్వాత ఒళ్ళు మొత్తం నిద్రలోకి జారిపోయింది.

మెలకువ వచ్చేసరికి నీడ అటునుంచి ఇటు మారింది. సందులో నీళ్ళు లేవు. పడవ చూలు గేదెలా పక్కకి ఒరిగి బురదలో పడుకుంది. లంగరు తాడు పేగులా బయటపడి ఉంది. పెద్దల్లుడు రాయి కింద నోరు తెరుచుకుని రంపం కోస్తున్నాడు.

"అన్నయ్యా! లేవండి! నీళ్ళు పోయాయి!"

ఆయన ఉలిక్కిపడి లేచి, ముందు టోపీ వెతుక్కుని, తర్వాత పడవని చూశాడు. "ఇదేంటి తమ్ముడూ, చూడలేదా?"

"నేనా? పుస్తకం మీ దగ్గర కదా ఉంది! ఎప్పుడూ మీరేగా చూస్తారు!"

"పుస్తకం నాదే. మేలుకునుండేది నువ్వు కదయ్యా! రెండేళ్ళలో నువ్వు రెప్ప వాల్చగా నేను చూడలేదు. నువ్వున్నావు కదా అనే ధైర్యంతో పడుకున్నాను."

చిన్నల్లుడు బురదలోకి దిగాడు. మోకాళ్ళ దాకా దిగబడిపోయాడు. పడవకి భుజం ఆనించి నెట్టాడు. పడవ కదల్లేదు, అతనే ఇంకో జానెడు లోపలికి పోయాడు. బయటికి లాక్కునేసరికి ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది, వేలి కట్టు ఊడి వేలాడుతోంది. అక్కడే, ఆ బురద అంచున, ఒంటి చెప్పుతో కూర్చుండిపోయాడు.

"మళ్ళీ నీళ్ళెప్పుడొస్తాయి?"

పెద్దల్లుడు పుస్తకంలో రాసుకున్న పోటు వేళలు చూశాడు. "సాయంత్రం ఐదున్నర. అప్పటికిగానీ తేలదు."

"ఐదున్నర," అన్నాడు చిన్నల్లుడు. అతను ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఇప్పుడూ పెంచలేదు. కానీ మాట ఆగలేదు. "అన్నయ్యా, నేను రెప్ప ఎందుకు వాల్చనో తెలుసా? మీ గురక. ఎనభై వారాలుగా ఆదివారం నిద్రంటే ఏంటో ఎరగను. మంగళవారం మిషను మీదే నిద్రపోయాను, సూది వేల్లోకి దిగింది. ఇంకోసారైతే రావద్దన్నారు. నాకీ దీవులొద్దు. ఈ పక్షులొద్దు. నేనింక రాలేను. మీరు ఒక్కరే వెళ్తారని, మీకేమన్నా అవుతుందని, మా ఆవిడ ఏడుస్తుందని, ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇంక నా వల్ల కాదు."

పక్షులు అరుస్తూనే ఉన్నాయి. పెద్దల్లుడు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేనొక్కణ్ణే ఎందుకెళ్తాను?" అన్నాడు చివరికి.

"ఏంటి?"

"నేనొక్కణ్ణీ ఎందుకెళ్తానయ్యా? నాకు పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. వెనకాల అంచు మీద వంగి ఏం చేస్తున్నాననుకున్నావు?"

"చేపల్ని చూస్తున్నారనుకున్నాను."

"చేపలకి మేత వేస్తున్నాను. పొద్దున తిన్నదంతా."

చిన్నల్లుడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి వదినా మీరూ వారం వారం..."

"పడవ నడిపేది మీ వదినే. కొనమన్నదీ ఆవిడే. చుక్కాని పట్టుకుని పాటలు పాడుకుంటూ పోయేది. నేను ఫ్లాస్కు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆవిడ చేసేవన్నీ పుస్తకంలో రాసుకున్నాను కాబట్టి ఇప్పుడు చదువుతున్నాను. లేకపోతే తెరచాప ఎటు కట్టాలో నాకేం తెలుసు?"

"మరి ఆ మొదటి శనివారం ఒక్కరే ఎందుకొచ్చారు?"

"అమ్మేద్దామని. అమ్మబడును అని రాయడానికి రంగు డబ్బా తెచ్చుకున్నాను. ఇంకా 'అ' కూడా రాయలేదు, నువ్వు సంచీ పట్టుకుని వచ్చావు, 'నేనూ వస్తాను అన్నయ్యా' అంటూ. నాకు గుండె గుభేలుమంది."

"రంగు డబ్బా చూశాను. పడవకి కొత్త రంగేస్తున్నారనుకున్నాను."

"మీ వదిన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక మాట చెప్పింది. చెల్లెలి మొగుడు ఆ మిషన్ల మధ్య నలిగిపోతున్నాడు, వీలు చూసుకుని ఎప్పుడన్నా సముద్రం మీదకి తీసుకెళ్ళండి అని. నువ్వు నోరు తెరిచి వస్తానంటే ఎలా కాదనను? పాపం వారమంతా ఎదురు చూస్తుంటాడు, తీసుకెళ్ళకపోతే చిన్నబుచ్చుకుంటాడు అనుకున్నాను. మోకాళ్ళు సహకరించకపోయినా వచ్చాను. మొన్న వానలో జ్వరంతో కూడా వచ్చాను."

"ఎప్పుడన్నా అన్నదాన్ని వారం వారం చేశారా?"

"ఎప్పుడన్నా అంటే ఎన్నాళ్ళకొకసారో ఆవిడ చెప్పలేదు తమ్ముడూ. తక్కువ కొలిస్తే తప్పవుతుందని."

  సంచిలో ఒక గుడ్డు మిగిలి ఉంటే పెద్దల్లుడు పెంకు వలిచి, సగం చేసి, పచ్చసొన ఎక్కువున్న ముక్క ఇతనికిచ్చాడు. టీ చల్లారిపోయింది. అయినా తాగారు.

"పడుకో," అన్నాడు పెద్దల్లుడు. "ఈసారి నేను చూస్తాను."

"నిజంగా చూస్తారా?"

 ఆయన ఎక్కడో కొట్టుకొచ్చిన కర్రొకటి తెచ్చి, బురదలో పాతి, పెన్సిలుతో గీతలు పెట్టి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నీళ్ళు ఒక్కో గీత ఎక్కుతున్నప్పుడల్లా పుస్తకంలో టైము రాసుకున్నాడు. చిన్నల్లుడు రెండో చెప్పు కూడా తీసేసి, దాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఐదూ ఇరవైకి ఆయన భుజం తట్టి లేపేదాకా కదల్లేదు.

తిరుగు దారిలో పెద్దల్లుడు దాచుకోలేదు. అంచు మీద వంగి హాయిగా వాంతి చేసుకున్నాడు. చిన్నల్లుడు ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో ఆయన చొక్కా పట్టుకున్నాడు.

రాత్రి తొమ్మిదింటికి రేవు చేరేసరికి చిన్నల్లుడి భార్య మెట్ల మీద నిలబడి ఉంది. బురద కొట్టుకున్న ఇద్దర్నీ, చెప్పుల్లేని మొగుణ్ణీ చూసి ముందు గుండెల మీద చెయ్యేసుకుంది, తర్వాత నోరందుకుంది.

"మూడు గంటల నుంచీ నిలబడ్డాను! ఫోను కలవదు! ఏమైపోయారో అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని... ఏం బావగారూ, మీరు పెద్దవారు, మీకన్నా తెలియొద్దా?"

"నాకు పడవంటే పడదమ్మా," అన్నాడాయన, మెట్టు మీద కూలబడుతూ.

"ఏంటీ?"

చిన్నల్లుడు జరిగిందంతా చెప్పాడు. ఆవిడ ఒకసారి ఆయన వంక, ఒకసారి ఇతని వంక చూసింది. కోపం ఎటు పంపాలో ఆవిడకి దారి దొరకలేదు. "అంటే ఇదంతా నేను చేసిందే అంటారు, అంతేనా?" అంది.

"నేనలా అన్నానా?" అన్నాడు చిన్నల్లుడు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ వాడుతున్న ఆ మాట మొదటిసారి అతనికి దక్కింది.

*

తర్వాతి శనివారం బెల్లు మోగగానే చిన్నల్లుడు అందరికన్నా ముందు గేటు దాటాడు. ఇంటికొచ్చి, భోంచేసి, కిటికీ తెర లాగి, మంచమెక్కాడు. రెండున్నర. రేపు సాయంత్రం దాకా తనని ఎవరూ ఏమీ అడగరు. కళ్ళు మూసుకున్నాడు.

తలుపు చప్పుడైంది.

పెద్దల్లుడు. టోపీ లేదు, పుస్తకం లేదు. చంకలో తలదిండు.

"ఒక్క నిమిషం వచ్చాను," అన్నాడు గుమ్మంలోనే. "పడవ బేరం పెట్టాను. ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు చూసి వెళ్ళారు."

"మంచిది, రండి బావగారూ, కూర్చోండి," అంది ఆవిడ, దిండు వంక చూస్తూ.

ఆయన కూర్చోలేదు. "ఇంట్లో నాకు నిద్ర పట్టదమ్మా," అన్నాడు, చిన్నపిల్లాడు తప్పు ఒప్పుకున్నట్టు. "మీ అక్క పోయిన దగ్గర్నుంచీ అంతే. పడవలో మాత్రం పట్టేది. సముద్రం వల్ల కాదు. పక్కన ఒక మనిషి మేలుకుని ఉన్నాడనేసరికి పట్టేది. వారానికి ఆ ఒక్క రాత్రే. ఇది తమ్ముడికి చెప్పలేదు మొన్న. చెప్పడానికి నోరు రాలేదు."

చిన్నల్లుడు మంచం మీద లేచి కూర్చున్నాడు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. వద్దనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెప్పడం ఈమధ్యే నేర్చుకున్నాడు కూడా. ఆయన కళ్ళ కింద నల్లటి సంచులు చూశాడు. తన కళ్ళ కిందవీ అలాగే ఉంటాయి, రోజూ గెడ్డం గీసుకునేటప్పుడు చూస్తున్నవే.

"మీకు సాయంత్రం దాకా నా మంచం ఇస్తాను," అన్నాడు లేస్తూ. "ఆ తర్వాత నాది. రేపు పొద్దున ఎండెక్కేదాకా. నేను పడుకున్నప్పుడు మీరు పడుకోకూడదు. గురక వినిపించిందంటే మర్యాదగా ఉండదు అన్నయ్యా, ముందే చెప్తున్నాను."

"కూర్చునుంటాను," అన్నాడు పెద్దల్లుడు. "కుర్చీ చాలు."

అలాగే చేశారు. ఆయన దిండు వేసుకుని ఒరగడమే ఆలస్యం, రంపం మొదలైంది. చిన్నల్లుడు ముందుగదిలో కుర్చీలో కూర్చుని, కునికిపాట్లు పడుతూ, ఏడింటి దాకా కాపలా కాశాడు. తర్వాత వంతు మారింది.

ఆదివారం ఎనిమిదిన్నరకి ఆవిడ వంటింట్లో కుక్కరు పెట్టింది. మొదటి విజిలు ఇలా వచ్చిందో లేదో, పెద్దల్లుడు నైటు డ్యూటీ చేసిన మనిషిలా ఎర్రటి కళ్ళతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఆపమ్మా అది," అన్నాడు గుసగుసగా. "తమ్ముడు పడుకున్నాడు."

"మరి వంటెలా బావగారూ?"

"ఎండెక్కాక తిందాం. ఇంకా ఎక్కలేదు."

లోపల మంచం మీద చిన్నల్లుడికి ఆ మాట సగం వినిపించింది. మిగతా సగం వినకుండానే అటు తిరిగి పడుకున్నాడు.